తేరు కదిలే ముందు మోగిన ఫోను

చేతిలో ఫోను ఉన్నవాడికి పరదేశం లేదని ఇప్పుడు అందరూ అంటున్నారు. తిరుపతి బస్టాండులో కువైట్ నుంచి వచ్చి పెట్టెలు దించుకునేవాళ్ళూ, సింగపూరులో కూతురి పురుడు పోసి వచ్చిన తల్లులూ, విమానం టికెట్లు అమ్మే దుకాణదారులూ, అందరిదీ ఇదే మాట. ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, ఇక దూరమంటూ ఏముందని వాళ్ళ వాదన. ఇందులో తప్పు పట్టడం తేలిక కాదు. దూరమంటే వార్త ఆలస్యంగా చేరడమే అనుకుంటే, ఆలస్యం పోయింది గనుక దూరమూ పోయినట్టే. అయితే ఆ ఆలస్యం మనిషికి ఏం చేసి పెట్టేదో, అది పోయాక ఆ పని ఎవరి నెత్తిన పడిందో ఈ వాదన చేసేవాళ్ళు అడగరు. నారాయణవనం దగ్గరి నాదస్వర కళాకారుడు బాలచంద్ర కథ తెలిసిన తరువాత ఆ ప్రశ్నను పక్కన పెట్టడం నాకు కష్టమైంది.

బాలచంద్రది మేళం కుటుంబం. అన్న చెంగయ్య డోలు వాయించేవాడు, తమ్ముడు నాదస్వరం. ఇద్దరికీ తండ్రే గురువు. పుత్తూరు నుంచి పలమనేరు దాకా పెళ్ళిళ్ళకూ, గుడి ఉత్సవాలకూ ఈ అన్నదమ్ములను పిలిచేవారు. బాలచంద్రను గొప్ప విద్వాంసుడని నేను అనను. అతని కల్యాణిలో ఎప్పుడూ ఒక తొందర ఉంటుంది, చివరి బస్సు తప్పిపోతుందేమోనన్న మనిషి నడకలాగా. చెంగయ్య డోలు ఆ తొందరను పట్టి నిలిపేది. విడివిడిగా ఇద్దరూ సామాన్యులు. కలిసినప్పుడు మాత్రం భోజనాల పందిట్లో విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి ఆపి వినేవారు.

చెంగయ్యకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, డోలు మెడకు తగిలించుకుని నిలబడలేని స్థితి వచ్చింది. పెళ్ళిళ్ళలోకి రికార్డు పాటల పెట్టెలు అంతకు ముందే వచ్చి ఉన్నాయి. అప్పుడు చెన్నైలోని ఒక మధ్యవర్తి ద్వారా బాలచంద్రకు మలేషియాలో ఒక పెరుమాళ్ళ గుడిలో వాయించే పని దొరికింది. పూర్వం రబ్బరు తోటల కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళు, తమిళులు కట్టుకున్న గుడి అది. ఏడాదికి ఒప్పందం, ఉత్సవం బాగా జరిగితే మరో ఏడాదికి పొడిగిస్తారు. భార్య నాగవేణినీ, అన్న వైద్యాన్నీ ఆ పొడిగింపు మీదనే నిలిపి అతను బయలుదేరాడు.

అక్కడ అతను బతికిన తీరును పిసినారితనం అనలేం. గుడి వెనుక పాత్రల కొట్టు పక్కన గది ఇచ్చారు. ఉదయం పొంగలి, మధ్యాహ్నం అన్నదానం, సాయంత్రం మిగిలిన పులిహోర. వంట లేదు, అద్దె లేదు. అద్దం ముందు కూర్చుని తన జుట్టు తానే కత్తిరించుకునేవాడు. ఆ దేశపు సిమ్ము కొనలేదు. గుడి కార్యాలయంలో వైఫై ఉండేది. అది చెప్పులు విడిచే మండపం దాకా వచ్చి ఆగిపోయేది. సాయంత్రం పూజకు ముందు ఆ మండపం అంచున బంగ్లాదేశ్ కూలీలు, నేపాలీ కాపలాదార్లు, ఇతను, వరుసగా కూర్చుని ఎవరి ఇంటిని వారు చేతిలో పట్టుకుని మాట్లాడుకునేవారు. దేవుడి వైపు వీపు పెట్టి కూర్చుంటున్నామే అని మొదట్లో అతనికి ఇబ్బందిగా ఉండేదట. తరువాత అలవాటైంది.

ఊరి సిమ్ము అలాగే ఉంచుకున్నాడు. పరదేశంలో దానికి వచ్చిన పిలుపు ఎత్తితే డబ్బు పోతుంది, ఎత్తకపోతే పోదు. కనుక భార్యాభర్తలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక్క రింగు ఇచ్చి నాగవేణి పెట్టేస్తే, అందరూ బాగున్నారని అర్థం. రెండుసార్లు ఇస్తే, వైఫై దగ్గరకు వచ్చి మాట్లాడమని. ఆగకుండా మోగితే చెడ్డ వార్త. ఈ ఏర్పాటు భార్యాభర్తల మధ్యది. చెంగయ్యకు దీని సంగతి తెలియదు. అతను ఫోను వాడేదే తక్కువ. నాగవేణి వీడియోలో మాట్లాడేటప్పుడు వచ్చి పక్కన కూర్చునేవాడు.

అలా కూర్చున్న ఒక సాయంత్రం అన్నదమ్ములు ఫోనులో కలిసి వాయించాలని చూశారు. తమ్ముడు మండపంలో నాదస్వరం ఎత్తాడు. అన్న నులక మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేశాడు. చెంగయ్య వేలు పడిన చప్పుడు సముద్రం దాటి వచ్చేసరికి బాలచంద్ర తరువాతి స్వరంలో ఉండేవాడు. ఇతను ఆగితే అతనూ ఆగేవాడు. ఎంత సర్దుకున్నా దెబ్బ వెనకబడే వచ్చింది.

"నా దెబ్బ నీ కాడికి వచ్చేలోపల నువ్వు ఊరేగింపు ముగిచ్చుకోని బువ్వకు పోతాండావు గదరా," అన్నాడు చెంగయ్య, దగ్గుతూ నవ్వుతూ.

"నువ్వే కొంచెం ముందుగా కొట్టు అన్నా."

"నువ్వేం వాయిస్తావో నీకే తెలీదు. నాకు ముందుగా యాడ తెలుస్తాది?"

ఇక్కడ ఈ కుటుంబాల ఆచారం ఒకటి చెప్పాలి. దగ్గరి రక్తసంబంధి పోతే మైల వస్తుంది. మైలలో ఉన్నవాడు గుడిలో వాద్యం ముట్టకూడదు. ఆ మైల చావుతో మొదలు కాదు, వార్త చెవిన పడినప్పుడు మొదలవుతుంది. అందుకే పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుక్కి చావు కబురు చెప్పరు. మేళం వాళ్ళ విషయంలో ఈ జాగ్రత్త మరీ ఎక్కువ, ఎందుకంటే మేళం ఆగితే శుభకార్యం ఆగుతుంది. తండ్రి పోయిన రోజు అన్నదమ్ములు పలమనేరులో ఒక పెళ్ళిలో వాయిస్తున్నారు. ఊరి నుంచి బంధువు ఒకడు వచ్చి పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. తలకు నూనె లేదు, కాళ్ళకు చెప్పులు లేవు. చెంగయ్య అతన్ని ఒకసారి చూసి, తల తిప్పుకుని, ఇక ఆ వైపు చూడలేదు. తాళి కట్టడం అయ్యి, అక్షింతలు పడి, డోలు కింద పెట్టిన తరువాత తనే గుంజ దగ్గరికి నడిచి, "ఇప్పుడు జెప్పబ్బా," అన్నాడు. బాలచంద్రకు అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు. మంచి మేళగాడు ఎలా ఉండాలో ఆ రోజు నేర్చుకున్నానని అతను ఎప్పుడూ చెప్పుకునేవాడు.

తెలియడానికీ వినడానికీ మధ్య ఉన్న ఈ సన్నని సందులో నిలబడి మనిషి తన పని ముగించుకోవచ్చునని ఆచారం ఒప్పుకుంది. అందులో దయ ఉంది. కానీ ఆ సందును కట్టింది దూరమే. కబురు తెచ్చేవాడు నడిచి రావాలి, బస్సు ఎక్కాలి, గుంజ దగ్గర వేచి ఉండాలి. కబురు నడుముకు కట్టుకున్న సంచిలోనే మోగే కాలంలో ఆ సందును ఎవరికి వారే కట్టుకోవాలి.

మలేషియా గుడిలో బ్రహ్మోత్సవం వచ్చింది. జెండా ఎక్కింది. రథోత్సవం నాడు పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, బాలచంద్ర నాదస్వరం గుడ్డతో తుడుస్తుండగా ఫోను మోగింది. అన్న పేరు కనిపించింది. ఒక రింగుతో ఆగలేదు, రెండుతో ఆగలేదు. మోగి మోగి ఆగి, మళ్ళీ మొదలైంది.

అతని ఆలోచన ఎలా నడిచిందో అతనే నాకు చెప్పాడు. అన్న తనంతట తాను ఎప్పుడూ ఫోను చేయడు. అన్న ఫోను నుంచి ఆగకుండా పిలుపు వస్తోందంటే, ఆ ఫోను వేరేవాళ్ళ చేతిలో ఉంది. వేరేవాళ్ళ చేతిలోకి ఎందుకు వెళ్ళింది? ఆ ప్రశ్న దగ్గర అతను ఆగిపోయాడు. జవాబు తెలిసిపోయింది గనుక ఆగాడు.

గుడి కార్యదర్శి దయానంద్ గది గుమ్మంలోకి వచ్చాడు. మలేషియాలోనే పుట్టిన తెలుగువాడు, తాతల నాటి తెలుగు మాట్లాడతాడు.

"ఫోను ఒకటే అరుస్తా ఉన్నది గదయ్యా. ఎత్తరాదూ?"

"ఎత్తితే మీ తేరు కదల్దప్పా," అన్నాడు బాలచంద్ర.

దయానంద్ ఏదో వేళాకోళమనుకుని నవ్వి, "అయితే వద్దులే. బయట వానొచ్చేటట్టు ఉంది, బిరాన రండి," అని వెళ్ళిపోయాడు.

బాలచంద్ర ఫోను ఆపేశాడు. జెండా దిగి ఉత్సవం ముగిసేదాకా దాన్ని మళ్ళీ తెరవకూడదని నిర్ణయించుకున్నాడు. ఉత్సవం చెడితే పొడిగింపు ఉండదన్న భయం ఆ నిర్ణయంలో ఎంత ఉందో, దేవుడి పని ఆగకూడదన్న నిష్ఠ ఎంత ఉందో అప్పుడు అతను విడదీసి చూసుకోలేదు.

రథం ముందు మల్లారి మొదలుపెట్టాడు. దేవుడు గుడి దాటి వీధిలోకి వచ్చేటప్పుడు వాయించేది అది. డోలు మీద తమిళ కళాకారుడు ఒకడు ఉన్నాడు. చెయ్యి గట్టిది, తాళం తప్పనివాడు. రెండో ఆవర్తంలో బాలచంద్రకు ఆ డోలు వెనుక ఇంకొక దెబ్బ వినిపించింది. బరువైన దెబ్బ కాదు. పట్టె మీద వేలు పడినట్టు, ఒక క్షణం ఆలస్యంగా. పక్కకు చూశాడు. ఎవరూ లేరు. లయ మార్చాడు, ఆ దెబ్బా మారి వెనకే వచ్చింది. దాన్ని అందుకోవాలని నడక తగ్గించాడు. రథం లాగేవాళ్ళు కూడా నెమ్మదించారు. అంత నిదానంగా, అంత నిండుగా మల్లారి తానెప్పుడూ వాయించలేదని అతను అంటాడు. ఆ రోజు విన్నవాళ్ళూ అదే అన్నారు. దయానంద్ వచ్చి చేతులు పట్టుకున్నాడు. దాన్ని భ్రమ అని కొట్టివేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ భ్రమకు కూడా వచ్చే దారి ఒకటి ఉండాలి. ఇది ఫోను చూపిన దారినే వచ్చింది.

జెండా దిగిన మరునాడు మండపం అంచున కూర్చుని ఫోను తెరిచి, నాగవేణికి కలిపాడు. ఆమె ముఖం కనిపించింది.

"అన్న..." అన్నాడు.

"ఊ," అంది. "తేరు నాడు మాపటేళ. నువ్వు ఉత్సవంలో ఉండావని గుడికి ఫోను జేసి జెప్పనీల్యా నేను. మైలని."

"మాపటేళనా? పొద్దున గదా ఫోను వచ్చింది."

"అవును. ఆయనే జేసినాడంట. నేను మిల్లుకు పోయినా, నాకూ తెలీదు. ఆ పొద్దు కొంచెం తేటగా ఉన్నాడంట. నీ మల్లారి ఇనాలని జేసినాడంట."

పక్కన నేపాలీ కాపలాదారు తన బిడ్డకు ముద్దులు పంపుతున్నాడు. బాలచంద్ర ఫోను మోకాలి మీద పెట్టాడు. నాగవేణి ముఖం పైకప్పును చూస్తూ మాట్లాడుతూనే ఉంది.

గుడి అర్చకుడికి చెప్పడం ధర్మం గనుక ఆ రోజే చెప్పాడు. ఆయన విని, "ఒక్కమాట ముందే అడిగి ఉండకూడదా?" అన్నాడు. "జెండా ఎక్కేనాడు మేము కంకణం కట్టుకుంటాం. కట్టుకున్నవాడికి ఉత్సవం మధ్యలో మైల అంటదు, కబురు విన్నా సరే. నీకూ ఒకటి కట్టేవాణ్ణి. ఫోను ఎత్తి మాట్లాడి, కళ్ళు తుడుచుకుని వచ్చి వాయించుకోవచ్చు."

అంటే అతను తప్పించుకున్న చట్టమే అతన్ని విడిచిపెట్టడానికి సిద్ధంగా ఉంది. ఈ సంగతి అతనికి ఓదార్పు కాలేదు.

సెలవు అడిగి పెద్ద దినానికి ఊరు చేరాడు. చెంగయ్య భార్య వసంతమ్మ గోడవార కూర్చుని ఉంది.

"వచ్చినావా అబ్బయ్యా. కూర్సో."

"వదినా, నేను ఏమనుకున్నానంటే..."

"తెలుసులే. గంజి తాగి గోడకానుకోని కూర్సున్నాడు. తమ్ముడి తేరు ఈ పొద్దు, కలిపియ్యి, ఇంటా అన్నాడు. కలిపిచ్చినా. మోగి కట్టయిపోయ. మళ్ళా అన్నాడు. మళ్ళా కలిపిచ్చినా. ఆఖర్న ఎవరో ఆడమనిషి స్విచ్చాఫ్ అనె."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు. తేరు ముందర ఫోను ఎత్తితే వాడేం మేళగాడు అన్నాడు. పొద్దుగూకేదాకా మంచం పట్టె మీద ఏలు ఆడిస్తానే ఉన్నాడు."

బాలచంద్ర తల వంచుకున్నాడు. వసంతమ్మ అక్కడితో వదలలేదు.

"ఆయన అట్ల అనుకున్నాడు, మంచోడు. నేను అనుకోల్యా. ఫోను మోగతాంటే అన్న సచ్చినాడు అనుకుంటివి గదా నువ్వు? ఆ పొద్దు నేను తలలో పూలు పెట్టుకోని ఉండా అబ్బయ్యా. ఆయన గోడకాడ కూర్సోని గంజి తాగుతాండాడు. నువ్వు ఆడనుంచే ఆయన్ని సంపేసి, నా బొట్టు తీసేసి, ఫోను కట్టేస్తివి."



తరువాత అతన్ని వెంటాడింది ఈ మాటే. చావు సంగతి వినకుండా ఉండడం వేరు. బతికి ఉన్నవాడి పిలుపును చావు కబురుగా తీసుకోవడం వేరు. పందిరి గుంజ దగ్గరి బంధువును చెంగయ్య చూశాడు; నూనె లేని తలను, చెప్పులు లేని కాళ్ళను చూశాడు. బాలచంద్ర చూసింది వెలుగుతున్న పేరు మాత్రమే. పేరు మనిషిని దగ్గరకు తెచ్చిందని మనం అనుకుంటాం. అతని విషయంలో ఆ పేరు మనిషిని చెరిపి తాను మిగిలింది.

ఏడాది ఒప్పందం ముగిసి ఊళ్ళోనే ఉండిపోయి, తిరుపతి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు మళ్ళీ వాయించడం మొదలుపెట్టాడు. రాగం మధ్యలో నడుము దగ్గర ఫోను కదిలినట్టు అనిపించి వాద్యం దించేవాడు. తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు.

"ఏమప్పా, తేలు గాని దూరిందా పంచెలో?" అని కొత్త డోలు కళాకారుడు ఎగతాళి చేసేవాడు. పెళ్ళివాళ్ళు నవ్వేవారు. ఇతనూ నవ్వి మళ్ళీ ఎత్తుకునేవాడు. అప్పుడు ఆ వెనకబడిన దెబ్బ వచ్చేది. ఇంట్లో ఫోను ఎక్కడ పెట్టినా, దాని మీద గుడ్డ కప్పడానికి నాగవేణిని ఒప్పుకునేవాడు కాదు. తిరుమల బస్సులో, ఘాట్ రోడ్డు మీద సిగ్నలు పోయినప్పుడల్లా లేచి కిటికీ దగ్గరకు వెళ్ళేవాడట. "అంత పెద్ద కొండ మీద దేవుడి కోసం కాదు, ఈయన ఫోనులో సిగ్నలు గీత కోసం చూస్తాడు," అంది నాగవేణి నాతో. అందులో హాస్యం సగమే.

మరుసటి ఉత్సవానికి దయానంద్ ఫోను చేశాడు. నాగవేణి వినాలని బాలచంద్ర స్పీకరులో పెట్టాడు.

"మీ మల్లారి జనం మరిచిపోలేదు. పొడిగింపు కాదయ్యా, రెండేళ్ళకు రాసిస్తాము. అయ్యవారు కూడా చెప్పమన్నారు, ఈ తూరి మీకు కంకణం కట్టిస్తారంట. ఏ కబురొచ్చినా ఇబ్బంది లేదు."

"కంకణం వద్దులేప్పా."

"ఏం? అది మంచిదే గదా?"

"మంచిదే. మైల అంటకుండా ఆపుతాది. పోయిన తూరి నన్ను ఆపింది మైల కాదు. ఉత్సవం చెడితే మళ్ళా పిలవరని భయం. దానికి మీ కాడ కంకణం ల్యా."

"మరి ఎట్లా వస్తారు?"

"ఇద్దరం వస్తాం. ఇంకొక నాదస్వరం ఉండల్ల. నా జీతమే ఇద్దరికీ పంచండి, ఎక్కువ అడగను. ఫోను వస్తే నేను బయటికి పోతా. ఆయన వాయిస్తాడు."

"తేరు ముందర కూడానా?"

"తేరు ముందరే."

నాగవేణి అడ్డు చెప్పలేదు. ఫోను పెట్టేశాక మాత్రం, "సగం జీతానికి సముద్రం దాటాల్నా?" అంది. "ఈడ నుంచి పోకపోతే ఆ సగం కూడా ల్యా గదా," అన్నాడు అతను. అన్న వైద్యం ఖర్చు ఇప్పుడు లేదన్న మాట ఇద్దరూ అనలేదు.

ఈ నిర్ణయాన్ని త్యాగమని మెచ్చుకోవడానికి నేను తొందరపడను. పోయినవాడికి అది ఏమీ తిరిగి ఇవ్వదు. వసంతమ్మ ఇప్పటికీ అతనితో అవసరమైనంతే మాట్లాడుతుంది. ఫోనుతో దూరం పోయిందన్న వాదనకు మాత్రం ఇది ఒక జవాబు. దూరం పోలేదు, అది మనిషి చేతికి వచ్చింది. దాన్ని ఉంచుకోవడమో వదులుకోవడమో ఇప్పుడు అతనే చేయాలి, దానికి ఎంతో కొంత చెల్లించాలి కూడా.

ఈ ఏడాది ఉత్సవానికి బాలచంద్ర, కార్వేటినగరానికి చెందిన రవిచంద్ర అనే మరో నాదస్వర కళాకారుడు కలిసి వెళ్ళారు. పాత్రల కొట్టు పక్కన అదే గదిలో రెండు చాపలు వేసుకున్నారు. భోజనం గుడిలోనే. పరదేశంలోనూ పిలుపు ఎత్తుకోవడానికి వీలుగా బాలచంద్ర తన సిమ్ముకు డబ్బు కట్టాడు. రింగుల ఏర్పాటు మానేశారు. రథోత్సవం నాడు ఫోను ఆపలేదు. ఊరేగింపు మధ్యలో అది మోగింది. అతను వాద్యం దించి, వరుస విడిచి, వీధి అంచుకు వెళ్ళి ఎత్తాడు. నారాయణవనంలో గ్యాసు సిలిండరు తెచ్చినవాడు ఇంట్లో ఎవరూ లేరని చేశాడు. పక్కింట్లో వసంతమ్మ ఉంటుందని, ఆమెకు ఇవ్వమని చెప్పి, అవతలివాడు పెట్టేసేదాకా ఆగి, బాలచంద్ర తిరిగి వచ్చి రవిచంద్ర పక్కన నిలబడ్డాడు.